రోట్లో నాటిన సైకిలు కొయ్య

సైకిలు పని నేర్చుకోవాలని వచ్చే కుర్రవాళ్ళు నన్ను ముందుగా అడిగేది పానాల గురించి. ఏ నంబరువి కొనాలి, ఎన్ని కొనాలి అని. పానాల మాట తర్వాత. సైకిలును నేల మీంచి లేపి, రెండు చక్రాలూ గాలిలో తిరిగేట్టు పట్టి నిలిపే కొయ్య ముందు కావాలి. అది లేనివాడు సైకిలును తలకిందులు చేసి సీటు మీదా హ్యాండిలు మీదా నిలబెడతాడు. అప్పుడు హ్యాండిలు నేలకు ఆని ఉంటుంది కాబట్టి తిరగదు. హ్యాండిలు తిరగకపోతే ముందు ఫోర్కు మెడలో ఉన్న జబ్బు బయటపడదు. చక్రం వంకర పోతే మనిషికి ఆలస్యం అవుతుంది, అంతే. మెడలో జబ్బు మనిషిని అంతటితో పోనివ్వదు.

నేను బడిలో చదివినవాణ్ణి కాను. మాది రొంపిచెర్లలో ఎడ్లబళ్ళు చేసే వడ్రంగుల ఇల్లు. మా నాయన చక్రానికి ఆకు కర్రలు బిగిస్తూ పైకి లెక్కపెడుతుంటే విని ఎక్కాలు నేర్చుకున్నాను. భిన్నాలూ తూకాలూ నా అంతట నేను పట్టుకున్నాను. ఇప్పుడు వేళ్ళు ముడుచుకుపోయి పానా పట్టు చిక్కడం లేదు. యాభై నిండకముందే పని మానుకోవలసి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి గనక ఇది రాస్తున్నాను. కొయ్య ఎలా చేసుకోవాలో చెబుతాను. ఆ కొయ్య దగ్గర ఏం జరిగిందో కూడా చెబుతాను. మొదటిది మాత్రమే కావలసినవాళ్ళు మధ్యలో ఆపేయవచ్చు. కానీ ఆపితే కొయ్య సరిగా చేయలేరు.

ఖాసిం సాహెబు

నేను పని నేర్చింది నరసరావుపేటలో, రైలు స్టేషనుకు పోయే వీధిలో, ఖాసిం సాహెబు దుకాణంలో. చేతిపనిలో అంతటివాణ్ణి మళ్ళీ చూడలేదు. యజమానిగా అంత చెడ్డవాణ్ణీ చూడలేదు. ఆయనకు మద్రాసు నుంచి తెప్పించుకున్న ఇనప స్టాండు ఒకటి ఉండేది. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. మేమంతా నేల మీద తలకిందులు పెట్టి చేసుకోవలసిందే.

ఒకనాడు ఆయన నమాజుకు పోయినప్పుడు నేను స్టాండు తుడుస్తున్నాను. ఎప్పుడొచ్చాడో, వెనకనుంచి పాత చైను తెచ్చి వీపు మీద వేశాడు.

"ఏందిరా వడ్రంగోడా, ఏం చేస్తుండావు?"

"తుడుస్తున్నా సాహెబ్."

"తుడిచేవోడికి మూరతో పనేందిరా?"

నిజమే. గుడ్డ కుడిచేతిలో ఉంది, ఎడమ మోచెయ్యి స్టాండుకు ఆనించి ఉంది.

అయినా ఆయన దగ్గర నేర్చిన ఒక్క సంగతి మిగతా దెబ్బలన్నిటికీ సరిపోయింది. ఒక కానిస్టేబులు సైకిలు ముందు భాగం ఊగుతోందని మా దగ్గరకు వచ్చాడు. మేము తలకిందులు పెట్టి, చక్రం బెండు తీసి పంపాం. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తీశాం. మూడోసారి ఖాసిం సాహెబు దాన్ని తన స్టాండుకెక్కించి, హ్యాండిలు వదులుగా పట్టి, మెడ దగ్గర చెవి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. మెడలో బాల్సు తిరిగే గిన్నె పగిలి ఉంది. పగుళ్ళలో పడ్డప్పుడల్లా టక్కుమంటోంది.

"తలకిందులు పెట్టినోడికి సగం రోగమే కనపడుద్ది," అన్నాడు. "మిగిలిన సగం రోడ్డు మీద కనపడుద్ది. ఎక్కినోడికి."

రెండో ప్రపంచ యుద్ధం ముదిరి ట్యూబులూ టైర్లూ రావడం ఆగిపోయింది. టైర్లలో గుడ్డపేలికలూ కొబ్బరిపీచూ కుక్కి తొక్కేవాళ్ళు. అలాంటి సైకిళ్ళ వల్ల దుకాణం నడవదు. ఖాసిం సాహెబు తలుపులు వేసేశాడు. ఇనప స్టాండును పాత ఇనుముకు అమ్మేశాడు. అమ్మకముందు నాకు ఇమ్మని అడిగాను.

"నీకెందుకురా? కొలతలన్నీ నీ మోచేతిలోనే ఉండాయిగా," అన్నాడు.

పని చెప్పని యజమాని దగ్గర కళ్ళతో దొంగిలించి అయినా నేర్చుకోండి. రేపు మీరు యజమానులైనప్పుడు మాత్రం ఆయనలా ఉండకండి.

కొయ్య చేసిన తీరు

రొంపిచెర్లకు తిరిగి వచ్చి మా వసారాలో పని పెట్టాను. ఇనుము దొరకని రోజులు. ఇంట్లో పడి ఉన్నవాటితోనే చేయాలి.

ముందుగా బరువు తెలుసుకున్నాను. మిరపకాయల కాటా మీద సైకిలు పెట్టి తూస్తే పదమూడు వీశెలు, ఇప్పటి లెక్కన పద్దెనిమిది కిలోలు, తూగింది. కానీ పెడలు మీద చెయ్యి నొక్కి తిప్పుతాం, సుత్తితో కొడతాం. అందుకని కొయ్య మోయవలసింది మూడింతలు అనుకున్నాను. మీరూ అంతే అనుకోండి. తూకం ఎంత చూపిస్తే అంతకే కొయ్య చేసినవాడికి మొదటి సుత్తి దెబ్బకే బుద్ధి వస్తుంది.

అడుగున పాత రోలు. మా ఇంట్లో అంచు పగిలిన రోలు ఒకటి పెరట్లో పడి ఉండేది. దాన్ని సగానికి నేలలో పాతాను. విరిగిన బండి నొగ, అంటే ముందు కాడి కట్టే పొడుగు దుంగ, దాని మొదలు భాగం తీసుకుని రోటి గుంటలో నిలబెట్టి, చుట్టూ రాళ్ళూ సున్నమూ దట్టించాను. నేల నుంచి మూడడుగుల ఎనిమిదంగుళాల ఎత్తున నొగకు బెజ్జం కొట్టి, కాడి ముక్క ఒకటి జానెడు బయటికి వచ్చేట్టు అడ్డంగా దూర్చాను. ఆ ఎత్తు నాది. మీ ఎత్తు మీ మోచేతికి చూసుకోండి.

కాడి ముక్క చివర బండి చక్రం నడిమి కుండకు వేసే ఇనప కట్టు ఒకటి, చట్రంలా పడుకోబెట్టి మేకులతో దిగగొట్టాను. ఆ కట్టులో రెండు తుమ్మ చెక్కలు. ఒక్కోదానికి లోపలి వైపు అర్ధచంద్రాకారంగా తొలిచి, మేకతోలు అంటించాను. సైకిలు సీటు ఊడదీసి, సీటు గొట్టాన్ని కింది నుంచి కట్టులోకి దూర్చాలి. రెండు చెక్కలూ గొట్టానికి చెరో పక్కనా పట్టించి, చెక్కకూ కట్టుకూ మధ్య ఒక కొస సన్నగా చెక్కిన చీలిక పెట్టి కొయ్య సుత్తితో కొట్టాలి. సైకిలు ఆ పట్టు మీద వేలాడుతుంది. చక్రాలు పది అంగుళాలు లేస్తాయి. హ్యాండిలు గాలిలో హాయిగా తిరుగుతుంది.

ఖర్చు లేదు. మా నాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "బండి చావగా మిగిలిన ఎముకలన్నీ ఏరావు గదరా," అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే మెప్పు రాదు.

ఎవరి సైకిలు ముందు

మా చుట్టుపక్కల అప్పట్లో సైకిళ్ళు తక్కువ. నా దగ్గరకు తప్పకుండా వచ్చేవి రెండు.

ఒకటి రామకోటయ్య గారిది. ఊళ్ళో పెద్ద రైతు. మిరప తోటల మీద తిరగడానికి కొన్న ఇంగ్లండు సైకిలు. ప్రతి శనివారం పొద్దున చమురు వేయించుకోవడానికి తెచ్చేవాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి.

రెండోది దేవదానం పంతులు గారిది. మిషను బడి పంతులు. ఆయనకు రెండు బళ్ళు. పొద్దున మా ఊరి మాలపల్లెలో, మధ్యాహ్నం బొల్లాపల్లి దారిలో ఐదు మైళ్ళ అవతలి పల్లెలో. ఆ రెండో పల్లెలో అక్షరం చెప్పినవాడు అంతకుముందు లేడు. సైకిలు ఉంది కాబట్టే రెండు బళ్ళూ ఒక్క మనిషికి ఇచ్చారు. సైకిలు ఆగితే రెండోది మూసేస్తామని మిషను వారు ముందే చెప్పారు. ఆ సంవత్సరం ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బడి నడుస్తున్నట్టు కనపడితేనే ఉంచుతారని కూడా. మిరప కోతల కాలంలో పిల్లల్ని చేలకు పోనివ్వకుండా బళ్ళో కూర్చోబెట్టడానికి పంతులు గారు ఇంటింటికీ తిరిగేవారు. ఆ చేలలో ఎక్కువ భాగం రామకోటయ్య గారివే.

పంతులు గారు శనివారం మధ్యాహ్నం సైకిలు తెచ్చి నా దగ్గర వదిలి, ఆదివారం ప్రార్థన చూసుకుని, సోమవారం తెల్లవారగానే తీసుకుపోయేవారు.

ఒక శనివారం రామకోటయ్య గారు వచ్చి కొయ్య ముందు ఆగిపోయాడు.

"ఏరా బ్రహ్మం, పంతులు సైకిలు దీనికేనా ఎక్కించేది?"

"దీనికే బాబాయ్."

"మరి నాది?"

"దీనికే. ఇంకోటి లేదుగా."

"ఇంకోటి చెయ్యి."

"నొగ ఒకటే విరిగింది బాబాయ్. ఇంకోటి చెయ్యాలంటే ఇంకో బండి విరగాల."

అది నిజమే. రెండో కొయ్యకు కర్ర లేదు. ధైర్యం ఉందా లేదా అని ఆయన అడగలేదు గనక నేను చెప్పలేదు.

"పోనీ మీకు చెక్కలు వేరే చేస్తా," అన్నాను.

"చెక్కలు వేరేవైతే? కట్టు ఒకటేగా, కొయ్య ఒకటేగా." బావి వైపు చూశాడు. "నా సైకిలు ఎక్కించేముందు కడుగు. బిందెడు నీళ్ళు మొత్తం కుమ్మరించు. చిలకరిస్తే ఊరుకోను."

"కొయ్యకు నీళ్ళు మంచిది కాదు బాబాయ్."

"వడ్రంగోడివై ఉండి ఆ మాటేందిరా? ఎండాకాలం బండి చక్రాలు చెరువులో పడేయమా? తడిస్తే కొయ్య బిగుస్తది. నీకే మేలు."

వసారాలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెప్పింది తప్పు కాదు. ఎండకు ఆకు కర్రలు వదులైన చక్రాన్ని నీళ్ళలో నానబెట్టి బిగించుకోవడం మా ఇంట్లో నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసినదే. కడిగి ఎక్కించి చూశాం. చెక్కలు నీళ్ళు తాగి కట్టులో ఎంత బిగిశాయంటే, ఆయన సైకిలు దించడానికి చీలికను ఎదురుకొట్టవలసి వచ్చింది.

"చూశావా," అన్నాడు రామకోటయ్య గారు.

అప్పటి నుంచి శనివారం పొద్దున్నే బిందెడు నీళ్ళు. పంతులు గారికి ఈ సంగతి ఎవరో చెప్పారు. ఆయన ఆ మాట ఒక్కసారే ఎత్తారు.

"నీళ్ళు మీ బావివేనా బ్రహ్మం?"

"మా బావివే."

"పోనీలే. మా బావివైతే మళ్ళీ కడగాల్సి వచ్చేది."

ఆదివారం

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడండి. శనివారం పొద్దున చెక్కలు తడుస్తాయి. తడిసి బిగిసిన పట్టు మీద రామకోటయ్య గారి సైకిలు ఎక్కి, చమురు వేయించుకుని దిగిపోతుంది. ఆయన ఎక్కువసేపు ఆగడు. మధ్యాహ్నం అదే తడి చెక్కల మధ్య పంతులు గారి సైకిలు ఎక్కుతుంది. అది సోమవారం దాకా వేలాడుతుంది. తడిసిన కొయ్య బిగిసేది నిజమే. ఆరిన కొయ్య మొదటి కంటే ఎక్కువ వదులవుతుంది. అదీ నిజమే. చక్రాన్ని నానబెట్టినవాడు వెంటనే బండి కట్టుకుని పోతాడు. ఆరేలోగా ఊరు చేరతాడు. చక్రం మీద నేర్చిన పాఠంలో ఆరడం అనే సగం మాకెవరికీ పట్టలేదు. బిగువు ఎప్పుడూ ఆయన వంతుకు వచ్చింది, వదులు ఎప్పుడూ పంతులు గారి వంతుకు వచ్చింది.

చలికాలమంతా గడిచింది. తడి మెల్లగా ఆరేది, చీలిక పట్టి ఉండేది. ఫాల్గుణంలో ఎండ ముదిరి పడమటి గాడ్పు మొదలైంది. ఆ శనివారం పంతులు గారి సైకిలు ముందు చక్రం ఊడదీసి బాల్సు కడగడానికి పెట్టాను. ఫోర్కు రెండు కాళ్ళూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఆదివారం గాడ్పు రోజంతా వీచింది. నేను లోపల అన్నం తింటుండగా వసారాలో చప్పుడైంది.

సీటు గొట్టం చెక్కల్లోంచి జారిపోయింది. ఫోర్కు కాళ్ళు రోటి అంచు మీద పడ్డాయి. పదమూడు వీశెల బరువూ వాటి మీదే పడింది. రెండు కాళ్ళూ వెనక్కి వంగి, మెడ కింద లోహం ముడత పడింది. చెక్కలు చేత్తో పట్టుకుంటే కట్టులో గలగలమన్నాయి. చీలిక కింద పడి ఉంది.

ఫోర్కు

సోమవారం పంతులు గారు వచ్చి చూసి, రోటి పక్కనే గొంతుకూర్చున్నారు.

"కొత్తది?"

"ఫోర్కులు ఎప్పటినుంచో గుంటూరులో లేవు, బెజవాడలో లేవు. యుద్ధం ఆగేదాకా రావంటున్నారు."

"సాపు చెయ్యలేవా?"

నేను ఫోర్కు ఊడదీసి పట్టుకుని నరసరావుపేట పోయి ఖాసిం సాహెబును అడిగాను. ఆయన అప్పటికి మంచం పట్టాడు. ముడత ఎక్కడ పడిందో వేలితో చూపించమన్నాడు. చూపించాను.

"అవతల పారెయ్యి," అన్నాడు.

"సాపు చేస్తే?"

"సాపవుద్ది. కంటికి. దాని లోపల ఏముందో చూసే స్టాండు మద్రాసులో కూడా దొరకదురా."

ఆ మాట పంతులు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విని తల ఊపారు.

"ఇన్‌స్పెక్టరు ఉగాదిలోగా వస్తాడు బ్రహ్మం. నడిచిపోతే పొద్దుటి బడి సగంలో ఆపాలి. అప్పుడు రెండూ పోతాయి. ఆయన వచ్చిపోయేదాకా నిలబెట్టు చాలు."

"నిలబడదని చెప్తున్నాగదండీ."

"నిలబడదని తెలిసే ఎక్కుతాను. నువ్వు చెప్పలేదని ఎక్కడా అనను."

ఇలాంటి చోట ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యనంటే ఆయన ఇంకొకరి దగ్గర ఇంకా నాసిగా చేయించుకునేవారు. ఈ మాట అందరూ అంటారు, నేనూ అంటున్నాను. దానికి ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి. ఫోర్కును వంచి సరిచేశాను. ముడత మీద ఇనప రేకు చుట్టి బిగించాను. వాలులో దిగి నడవమన్నాను. వాలులో బరువంతా ముందుకు వస్తుంది, బ్రేకు పడితే ఇంకా ఎక్కువ. వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దన్నాను. ఆయన రెండూ ఒప్పుకున్నారు.

శనివారం రామకోటయ్య గారికి చెప్పాను, నీళ్ళ వల్ల ఇలా అయిందని.

"చీలిక గట్టిగా కొట్టుకోవాలిరా," అన్నాడు. "నీ చేతగానితనం నీళ్ళ మీద పెడతావేంది?"

పంతులు గారి కోసం వేరే రెండు చెక్కలు తొలిచి, చీలికతో సహా పొయ్యి పైన ఉట్టిలో పెట్టి ఆరబెట్టాను. ఆయన సైకిలు వచ్చినప్పుడు కట్టును పొడిగుడ్డతో తుడిచి, ఆ చెక్కలు వేశాను. ఒక్క శనివారమే ఆ చెక్కలతో పని పడింది.

చదును నేల

ఇన్‌స్పెక్టరు ఇంకా రాలేదు. పంతులు గారు మాట తప్పలేదు. వాలు వచ్చిన ప్రతిచోటా దిగి నడిచారని ఆ దారిన పోయే బండివాళ్ళంతా చెప్పారు. బొల్లాపల్లి దారిలో వాగు దాటాక రేగడి నేల, పలకలా చదునుగా ఉంటుంది. అక్కడ బండి గాడి ఒకటి అడ్డం వచ్చింది. లోతైనది కూడా కాదు. ఫోర్కు మెడ కింద తెగిపోయింది. ఆయన కుడి మోకాలి మీద పడ్డారు. మోకాటి చిప్ప పగిలింది. మిరప బస్తాల బండి మీద ఊళ్ళోకి తెచ్చారు.

నేను పోయేసరికి కాలు చెక్కలు పెట్టి కట్టి ఉంది. ఆయన భార్య గోడవైపు తిరిగి కూర్చుంది. నన్ను చూసి లేచి లోపలికి పోయింది.

"వాలులో దిగమన్నావు," అన్నారు పంతులు గారు. "దిగాను. చదునులో కూడా దిగమని చెప్పలేదు గదా."

నవ్వించాలని అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు.

"పిల్లలు ఎదురుచూస్తుంటారు," అన్నారు. "గంట కొట్టే కుర్రాడు గంట కొట్టేసి ఉంటాడు. ఎవరన్నా పోయి ఇవాళ లేదని చెప్పాల."

నేను నడిచి పోయి చెప్పాను. ఇవాళ లేదని చెప్పాను. రేపటి సంగతి చెప్పలేదు.

కాలు అతుక్కుంది గానీ వంగలేదు. సైకిలు తొక్కాలంటే మోకాలు వంగాలి. రెండో బడి ఎత్తేశారు. ఆ పిల్లలు తెల్లారేసరికి మిరప చేలల్లో ఉండేవాళ్ళు. పంతులు గారు మా ఊరి పల్లె బడి మాత్రం కర్ర సాయంతో నడిచి వచ్చి చాలా ఏళ్ళు చెప్పారు. మా వసారా ముందు నుంచే పోయేవారు. ఏం బ్రహ్మం అనేవారు. అంతే.

చెప్పవలసింది

కొయ్య చేసుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఎత్తు మోచేతికి చూసుకోండి. బరువు మూడింతలు వేసుకోండి. సైకిలు వేలాడే చోట కింద రాయి లేకుండా చూసుకోండి. రోలు బయట ఉన్న నా తీరు కంటే పూర్తిగా పాతి పైన మట్టి కప్పడం మంచిది. చక్రం ఊడదీసిన సైకిలును పట్టు మీద వదిలి పోకండి, దూలానికి తాడు కట్టి ఇంకో ఆధారం ఇవ్వండి. చెక్కల మీద ఎప్పుడూ నీళ్ళు పడనివ్వకండి. పోయమన్నవాళ్ళు దానికి మంచి కారణమే చెబుతారు. నాకు చెప్పిన కారణం కంటే మంచి కారణం నేనెక్కడా వినలేదు.

పంతులు గారు పడిన తర్వాతి శనివారం రామకోటయ్య గారు యథాప్రకారం వచ్చాడు. నేను బావి వైపు పోబోతుంటే ఆపాడు.

"నీళ్ళెందుకురా ఇంక? ఆ సైకిలు రాదుగా."

"రాదు బాబాయ్."

"మరింకేం. నీకూ శ్రమ తప్పింది."

కొయ్య మీద పాత చెక్కలు నాని నాని బీటలు పడి ఉన్నాయి. లోపలికి పోయి ఉట్టిలో ఉన్నవి దించి తెచ్చాను. అవి ఎవరి కోసం తొలిచినవో ఆయన అడగలేదు. సీటు గొట్టం కట్టులోకి దూర్చి, చీలిక పెట్టి ఒక్క దెబ్బ వేశాను. పెడలు మీద బరువంతా వేసి నొక్కి చూశాను. వెంట్రుకవాసి కూడా జారలేదు.